ఈ సీరియల్ అయిపోనీ

“నిజం చెప్పు టైలరమ్మా, ఇన్ని పత్రికలు చదవడానికి నీకు టైమెక్కడిది? లేకపోతే నా దగ్గర కోతలు కోస్తున్నావా?”

ఈ మాట అడిగినప్పుడు బ్యాంకు మేడమ్ సగం కుట్టిన కోటు తొడుక్కుని, చేతులు రెండూ పక్కలకు చాపి బొమ్మలా నిలబడి ఉంది. టైలరమ్మ ఆమె చంక దగ్గర గుండుసూదులు గుచ్చుతోంది. నోట్లో ఇంకొన్ని సూదులున్నాయి కాబట్టి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. ఆ మౌనం మేడమ్‌కి నేరం ఒప్పుకున్నట్టే అనిపించింది.

“నాకు సాయంత్రానికల్లా డ్యూటీ అయిపోతుంది. ఇంట్లో పనిమనిషి ఉంది. ఆదివారం సెలవు. అయినా తెప్పించుకునే ఒక్క వీక్లీ ఫ్రిజ్ మీద మడత విప్పకుండా పడుంటుంది. నువ్వేమో పొద్దున లేస్తే మిషను మీదే ఉంటావు. ఏ పత్రికలో ఏ కథ వచ్చిందో మాత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతావు. ఎలాగమ్మా?”

టైలరమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి కోటుకి గుచ్చింది. నోరు ఖాళీ అయ్యాక, “నేను చదవను మేడమ్. వింటాను,” అని గడ్డంతో షాపు మూలకి చూపించింది.

అక్కడ ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద ఆమె ఆడపడుచు కూర్చుని ఉంది. ఒళ్లో తెరిచిన పత్రిక, ఆగిన చోట వేలు. మేడమ్ ట్రయలు అయ్యేదాకా నోరు మూసుకుని ఎదురుచూస్తోంది. కస్టమర్లు ఆ అమ్మాయికి రేడియో అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆమె నవ్వేదీ కాదు, విసుక్కునేదీ కాదు.

మేడమ్ తెగ ముచ్చట పడింది. “అదృష్టవంతురాలివమ్మా,” అంది. టైలరమ్మ ఆ మాటని మెడలో వేసుకుని చాలాకాలం తిరిగింది.

చదివే అలవాటు గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు రోజుకో అరగంట కేటాయించుకోండి అంటారు. ఆ అరగంట ఏ బజార్లో దొరుకుతుందో చెప్పరు. రోజు అనేది గజాల లెక్కన కొన్న గుడ్డ. చేతికి ఎక్కువ పెట్టుకుంటే నడుము దగ్గర తక్కువవుతుంది. ఎవరైనా నాకు అదనంగా టైము దొరికింది అంటే, అది ఎవరి గుడ్డలోంచి కత్తిరించిందో అడగాలి. టైలరమ్మని ఆ రోజు ఎవరూ అడగలేదు. కుట్టుపనిలో తలపండిన మనిషికి తనంతట తనకి తోచలేదు.

అలాగని ఆమె చెడ్డదేం కాదు. పిసినారి కూడా కాదు. పత్రికల పిచ్చి ఉందంతే. పెళ్లికి ముందునుంచీ ఉంది. పుట్టింట్లో పొట్లాం కట్టొచ్చిన కాగితం కూడా విప్పి, సాపు చేసి, సగంలో తెగిపోయిన కథకి మిగతా సగం తనే ఊహించుకునేది. పెళ్లయ్యాక మొగుడు పంపుహౌస్‌లో షిఫ్టు డ్యూటీ, ఈమె ఇంటి ముందుగదిలో షాపు. రెండు మిషన్లు, కటింగ్ బల్ల, ఇస్త్రీ బల్ల, కస్టమర్లు కూర్చోవడానికి బెంచీ. పేపరతను పొద్దునే పత్రికలు తలుపు కింద నుంచి తోసిపోయేవాడు. అవి సాయంత్రం దాకా అక్కడే ఉండేవి. తొక్కుకుంటూ తిరిగేవాళ్లు.

తీరిక కోసం ఆమె చేయని ప్రయత్నం లేదు. పొయ్యి దగ్గర నిలబడి చదివింది, కూర మాడింది. అన్నం తింటూ చదివింది, మొగుడు మాట్లాడ్డం మానేశాడు. బస్సులో చదివింది, దిగాల్సిన చోటు దాటిపోయింది. చివరికి పత్రికని మిషను బల్ల మీదే, సూది పక్కన తెరిచి పెట్టుకుని, కాళ్లు తొక్కుతుంటే కళ్లు చదివేలా ఏర్పాటు చేసుకుంది. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు కథ మంచి పట్టుమీద ఉండగా పేజీలో చిరిగిన ముక్క జారి గుడ్డ కిందికి పోయింది. ఆమె చూసుకోకుండా షర్టు కఫ్ తో పాటు ఆ ముక్కని కూడా కలిపి గట్టిగా డబుల్ కుట్టు వేసేసింది. షర్టు బడి హెడ్మాస్టరుది. ఆయన ఇంటికెళ్లి తొడుక్కుని, చేయి విదిలించినప్పుడల్లా చప్పుడవుతోందని తిరిగొచ్చాడు.

“ఏమ్మా, నా చొక్కాలో ఏం దాచావు?” అన్నాడు.

ఆమె కుట్టు విప్పింది. ప్రేమలేఖ రాసే ఘట్టం ముక్కలై బయటపడింది. హెడ్మాస్టరు మర్యాదస్తుడు కాబట్టి నవ్వు ఆపుకున్నాడు. షాపులో మిగతావాళ్లు ఆపుకోలేదు.

ఆ నవ్వినవాళ్లలో ఆడపడుచు ఒకతె. అప్పటికామె ఆ ఇంటికొచ్చి ఎంతోకాలం కాలేదు. తల్లీతండ్రీ లేరు. అన్నగారింట్లో ఒక గది, షాపులో ఒక పని. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, దారాలు కత్తిరించడం. ఒక్కో గుండీకి ఇంతని వదిన లెక్కకట్టి ఇచ్చేది. సొంత మనిషికి లెక్కేమిటని వద్దన్నా బలవంతంగా చేతిలో పెట్టేది. ఆ విషయంలో టైలరమ్మని ఎవరూ వేలెత్తి చూపలేరు.

“నువ్వు చేతులతో కుట్టుకో వదినా. నేను చదివి పెడతాను,” అంది ఆ అమ్మాయే. ఎవరూ అడగలేదు. చిక్కు అక్కడే ఉంది. మొదలుపెట్టింది తనే కాబట్టి, తర్వాత మానేస్తానంటే మాట తప్పినట్టు ఉంటుందని అనుకుని ఉంటుంది.

ఆ అమ్మాయి గొంతు బాగుండేది. తడబాటు లేదు. అత్తగారి మాటలకి అత్తగారి గొంతు, పోలీసు మాటలకి పోలీసు గొంతు. టైలరమ్మ పని దినమంతా తిరగేసింది. మిషను చప్పుడులో వినపడదు కాబట్టి మిషను పని పొద్దున పూట ముగించేసేది. చేతికుట్టు, ఇస్త్రీ, కటింగు మధ్యాహ్నానికి పెట్టుకునేది. ఆ మధ్యాహ్నాలన్నీ చదువే. నాలుగు వీక్లీలు, రెండు మంత్లీలు, ఒకటీ వదలకుండా అయిపోయేవి. కస్టమర్లు బట్టలు తీసుకున్నాక కూడా బెంచీ మీంచి లేచేవాళ్లు కాదు.

“మా చెల్లెలు చదువుతుంది, మా ఆవిడ వింటుంది, నేను వంట చేసుకుంటాను. అందరం కలిసి చదువుకున్నవాళ్లం అయిపోతున్నాం,” అనేవాడు మొగుడు, ఉల్లిపాయలు తరుగుతూ.

చదివే సమయంలో గుండీలు కుట్టడం కుదరదు కాబట్టి ఆ పని టైలరమ్మ తనే రాత్రి భోజనాలయ్యాక చేసుకునేది. తను కూడా త్యాగం చేస్తున్నట్టే లెక్క వేసుకునేది. చదివినదానికి మాత్రం డబ్బు ఇవ్వాలని ఆమెకి తట్టలేదు. కథలు చదవడానికి కూలి ఏమిటి, అది సరదా కదా.

ఇంతకీ ఆ అమ్మాయికి కావలసింది సరదా కాదు. కటింగు.

కుట్టుపని తెలియనివాళ్లకి ఇది చెప్పాలి. మిషను తొక్కేవాళ్లు ఊరినిండా ఉంటారు. గుండీలు కుట్టేవాళ్లు ఇంకా ఎక్కువ. గుడ్డని బల్లమీద పరిచి, కొలతలు చూసి, చాక్ తో గీసి కత్తెర పెట్టగలిగినవాళ్లే మాస్టర్లు. కటింగు వచ్చినవాళ్లు రేపు ఇంకో వీధిలో సొంత బోర్డు పెట్టుకోవచ్చు. రానివాళ్లు ఎవరి బోర్డు కిందో బతకాలి. అందుకే మాస్టర్లు ఆ విద్య అంత తేలిగ్గా చెప్పరు. టైలరమ్మ నేర్చుకున్న చోట మాస్టరు కత్తెర తీసేముందు పనివాళ్లందర్నీ టీ కోసమో దారం కోసమో బయటికి పంపేవాడు. ఆమె కింద పడ్డ గుడ్డపీలికలు ఏరుకుని, వాటి వంపులు చూసి, చంక ఎలా తిప్పాడో మెడ ఎంత లోతు తీశాడో లెక్క కట్టుకుని నేర్చుకుంది. తనకి షాపంటూ ఉంటే ఎవరికీ దాచనని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు గురించి కస్టమర్లకి చాలాసార్లు చెప్పింది కూడా.

“కటింగు నేర్పించు వదినా,” అని ఆడపడుచు మొదటిసారి అడిగినప్పుడు, ఆమె మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది.

“తప్పకుండా నేర్పిస్తానే. నీకు కాక ఎవరికి నేర్పిస్తాను? ఈ సీరియల్ అయిపోనీ.”

అది న్యాయమైన మాటలాగే వినిపించింది. నేర్పేది మధ్యాహ్నం, చదివేది మధ్యాహ్నం. రెండూ ఒకేసారి జరగవు. సీరియల్ మరో నెలలో ముగుస్తుంది. అయితే ఆమె దగ్గరికి వచ్చేవి నాలుగు వీక్లీలు. ఒకదాంట్లో ఒకటి ముగిసేసరికి ఇంకోదాంట్లో రెండోది సగంలో ఉంటుంది, మూడోదాంట్లో కొత్తది మొదలవుతుంది. పత్రికలవాళ్లేమీ వెర్రివాళ్లు కాదు, అన్నీ ఒకేసారి ఆపేసి పాఠకులని ఇంటికి పంపించరు. ఆడపడుచు అడగడం, వదిన ఒప్పుకోవడం, కొత్త సీరియల్ మొదలవడం. దాచుకోవడం వేరు, వాయిదా వేయడం వేరు అని టైలరమ్మకి గట్టి నమ్మకం. ఎదుటివాళ్ల వైపునుంచి చూస్తే రెండూ ఒకటేనని తెలియడానికి ఆమెకి చాలా కాలం పట్టింది.

ఆ అమ్మాయికి పాతికేళ్లు దాటాయి. కూరగాయల మార్కెట్ వెనక కొత్తగా షాపులు కట్టారు. చిన్న గది, ఒక షట్టరు, అద్దె కూడా ఎక్కువేం కాదు. ఆమె ఒకటి రెండుసార్లు వెళ్లి చూసొచ్చింది.

“అక్కడ ఇంకా ఎవరూ టైలరింగ్ పెట్టలేదు వదినా. చిన్నపిల్లల బట్టలు చాలు నాకు. గౌన్లు, నిక్కర్లు. పెద్దవాళ్ల కోట్లు నీకే.”

“నాకు పోటీ వస్తున్నావన్నమాట,” అని నవ్వింది టైలరమ్మ. “సరేలే, పెట్టుకుందువుగాని. ముందు ఆ లాయరు సంగతి తేలనీ.”

లాయరంటే అప్పట్లో నడుస్తున్న ఒక సీరియల్లో హీరో. అతను ఒక డాక్టరమ్మని ప్రేమిస్తాడు. ఆమె ఆస్తి కోసం ఆమె పిన్ని కేసు వేస్తుంది. పిన్ని తరఫున వాదించాల్సింది ఇతనే. వీధి వీధంతా ఆ కథే మాట్లాడుకునేది. మిగతా మూడు పత్రికల్లో అదృష్టవశాత్తూ సీరియళ్లు అప్పుడే ముగిశాయి, కొత్తవి ఇంకా పుంజుకోలేదు. వాటిని తర్వాత తీరిగ్గా చదువుదువుగాని, ఈ లాయరుది అయిపోతే మాత్రం నీకు కత్తెర ఇస్తానని టైలరమ్మ కస్టమర్ల ముందే మాట ఇచ్చింది.

లాయరు కథ ఎంతకీ తెమల్లేదు. పిన్ని చచ్చిపోయినట్టు నటించింది. డాక్టరమ్మకి అక్క ఉందని తేలింది. మార్కెట్ వెనక గదులు ఒక్కొక్కటే అద్దెకి పోతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఆడపడుచు మామూలుగానే పత్రిక విప్పింది. టైలరమ్మ ఒక గౌను అంచు మడిచి కుడుతోంది. కోర్టు వాయిదా పడింది. లాయరు, డాక్టరమ్మ, ఆమె అక్క, కేసు వేసిన పిన్ని నలుగురూ కలిసి ఒకే కారులో బయల్దేరారు. ఎందుకు కలిసి బయల్దేరారో రెండు ముక్కల్లో తేలిపోయింది. వాన పడుతోంది. ఎదురుగా లారీ వచ్చింది. కారు లోయలో పడింది. ఎవరూ మిగల్లేదు.

“సమాప్తం,” అని చదివి ఆడపడుచు పత్రిక మూసింది.

టైలరమ్మ సూది ఆగిపోయింది. “అదేమిటే? అందర్నీ చంపేశాడా?”

“అలాగే ఉంది వదినా.”

“పిన్నిని కూడానా? కేసు వేసిన మనిషి వాళ్ల కారు ఎందుకెక్కింది?”

“రాజీకి వచ్చిందట.”

“ఛీ. రాసేవాడికి విసుగొచ్చినట్టుంది.” టైలరమ్మ కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చుంది. తర్వాత మాటంటే మాటే కాబట్టి లేచి, కటింగ్ బల్ల మీద పాత పేపరు పరిచి, టేపు తీసి ఆడపడుచు మెడలో వేసింది.

ఆ వారం రోజులూ ఆ షాపులో ఎన్నడూ లేని సందడి. ఆ అమ్మాయి మొదటిరోజు గీసిన చాక్ గీత వంకరపోయింది, రెండో రోజుకి నిలకడైంది. పేపరు మీద చంటిపిల్ల గౌను గీసింది. మెడ పెద్దదైంది. మళ్లీ గీసింది. భుజం వంపు ఎందుకు కిందికి దించాలో, ముందుభాగం వెనకభాగం కంటే ఎందుకు కాస్త ఎక్కువ ఉండాలో అడిగేది. టైలరమ్మ చెబుతుంటే పక్కకి చూసేది కాదు. చదివేటప్పుడు ఆ ముఖంలో అంత ఆత్రం ఎప్పుడూ లేదని టైలరమ్మ గమనించింది. గమనించి ఊరుకుంది.

ఆ తర్వాత బ్యాంకు మేడమ్ ఇంకో కోటు కొలతలకి వచ్చింది. ఈసారి మేడమ్ ముఖం వెలిగిపోతోంది. ఫ్రిజ్ మీది పత్రిక మడత విప్పడం ఆవిడకీ అలవాటైంది.

“చూశావా టైలరమ్మా ఈ వారం? లాయరు కోర్టులో పిన్నిని నిలబెట్టి ఎలా కడిగేశాడో.”

“లాయరెక్కడ మేడమ్? పోయాడుగా. కారు లోయలో పడలేదూ?”

“ఏ కారు?”

“నలుగురూ ఎక్కిన కారు.”

మేడమ్ ముందు అర్థంకానట్టు చూసింది, ఆ తర్వాత పగలబడి నవ్వింది. “నువ్వేదో కల గన్నావమ్మా. ఇంకా నాలుగైదు వారాలుందట ఆ సీరియల్. నిక్షేపంగా ఉన్నాడు నీ లాయరు.”

కటింగ్ బల్ల దగ్గర చాక్ గీత సగంలో ఆగింది. ఆడపడుచు తల ఎత్తలేదు. టైలరమ్మ కొలతలు తీసుకుని, చీటీ రాసి, మేడమ్‌ని గుమ్మందాకా సాగనంపి వెనక్కి తిరిగింది. అప్పుడామె నోటికి ఒక ప్రశ్న వచ్చింది. ఎందుకు చేశావే అని అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. ఆమె అది అడగలేదు.

“మరి అసలు కథలో ఏమైంది?” అంది.

ఆడపడుచు చాక్ కింద పెట్టింది. ఇస్త్రీ బల్ల కింద గుడ్డపీలికల సంచీ లాగి, అడుగునుంచి రెండు పత్రికలు తీసింది. ఒకటి అబద్ధం చదివిన వారానిది, ఇంకోటి ఆ తర్వాత వచ్చింది. రెండోదాన్ని పేపరతను దగ్గర తనే చేత్తో అందుకుని దాచిపెట్టింది. స్టూలు మీద కూర్చుని మొదటిది చదవడం మొదలుపెట్టింది. అత్తగారి గొంతూ లేదు, పోలీసు గొంతూ లేదు. టెలిఫోన్ డైరెక్టరీ చదివినట్టు చదివింది. టైలరమ్మ చివరిదాకా విన్నది. మధ్యలో ఆపమనలేదు. ఆ మధ్యాహ్నం గురించి తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆమెకి మింగుడు పడనిది ఇదే. కోపం వచ్చినందుకు కాదు, కోపంలో కూడా కూర్చుని విన్నందుకు.

రెండు భాగాలూ అయ్యాక అంది, “ఇన్నాళ్లూ ఇంకెన్ని చోట్ల ఇలా కోశావే?”

“ఇదొక్కటే వదినా.”

“నేనెలా నమ్మను? నాలుగు పత్రికల కథలు నీ నోటి మీద నమ్మకంతో విన్నాను. కస్టమర్ల ముందు నన్ను నవ్వులపాలు చేశావు.” బల్ల మీది కత్తెర తీసి సొరుగులో పడేసింది. “అబద్ధమాడి సంపాదించుకున్న విద్య నిలవదు. ముందు బుద్ధి తెచ్చుకో. కటింగు సంగతి తర్వాత చూద్దాం.”

సాయంత్రం మొగుడికి చెబితే, “అంత తొందరగా అందర్నీ చంపేసిందంటే దానికెంత అవసరమొచ్చిందో చూడు,” అన్నాడు. టైలరమ్మ అతన్ని కూడా కసిరింది. చెల్లెల్ని వెనకేసుకొస్తున్నావంది.

ఇలాంటి చోట ఆ అమ్మాయిలో గొప్ప రచయిత్రి దాగి ఉందని రాయడం ఒక ఆచారం. అదేం లేదు. ఆమె అల్లిన ముగింపు నాసిరకం ముగింపు. కథలు అల్లాలని ఆమెకి ఏ కోశానా లేదు. గౌను కత్తిరించాలని ఉంది. తలుపు తీయమని ఎంత కొట్టినా తీయకపోతే చేతికందిన రాయి పెట్టి కొట్టింది. ఆ రాయి కథైంది, అంతే.

ఆ తర్వాత ఆడపడుచు మళ్లీ కటింగు మాట ఎత్తలేదు. చదవడం మానలేదు. మానేస్తుందేమోనని టైలరమ్మ మర్నాడు మధ్యాహ్నం లోపల్లోపల భయపడింది. ఆమె సరిగ్గా వేళకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అప్పటినుంచీ ఒక్క వాక్యం వదల్లేదు. ప్రకటనలు కూడా చదివేది. మోకాళ్ల నొప్పుల తైలం, జుట్టు రాలకుండా ఉండే నూనె, వాటి కింద చిన్న అక్షరాల్లో ఉన్న చిరునామా, అన్నీ. అది విధేయతో పొగరో టైలరమ్మకి తెలిసేది కాదు. ఒకసారి, “ప్రకటనలెందుకే?” అంది. “వదిలేస్తే కోశానంటావుగా వదినా,” అంది ఆడపడుచు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మార్కెట్ వెనక గదులన్నీ నిండిపోయాయి. ఒకదాంట్లో ఎవరో వచ్చి టైలరింగ్ షాపు పెట్టారు. చిన్నపిల్లల బట్టలు. బాగానే నడిచింది.

ఏళ్లు గడిచాయి. టైలరమ్మ అంత చదువు విన్న మనిషి ఆ వీధిలో లేదు. ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగిందో చెప్పేది, ఏ జబ్బుకి ఏ పరీక్షో చెప్పేది. హెడ్మాస్టరు రిటైరయ్యాక కూడా వచ్చి బెంచీ మీద కూర్చుని ఆమెతో వాదన వేసుకునేవాడు. ఆడదాని మనసు గురించి, అన్యాయం గురించి వచ్చిన కథలకి కుడుతూ కుడుతూ కళ్లొత్తుకునేది. ఆ కథలు చదివి వినిపిస్తున్న మనిషి ఎదురుగానే ఉంది. పత్రికలు మనిషిని మారుస్తాయని చెప్పేవాళ్లు ఒకసారి ఆ షాపుకొచ్చి చూడాల్సింది.

ఆమె కళ్లు తెరిపించింది కథ కాదు, మణికట్టు. కుడిచేయి బొటనవేలి కిందినుంచి మోచేతిదాకా నొప్పి. కత్తెర మూస్తుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. డాక్టరు కట్టు కట్టి, కత్తెర ముట్టుకోవద్దన్నాడు. స్కూళ్లు తెరిచే రోజులు. యూనిఫాం గుడ్డ తాన్లు తాన్లుగా గోడ వారగా పేర్చి ఉంది. మిషను తొక్కే పిల్లలున్నారు, కోసే చేయి లేదు. బయటినుంచి మాస్టర్ని పెడదామంటే సీజన్లో ఎవరూ దొరకరు.

మధ్యాహ్నం ఆడపడుచు పత్రికతో వచ్చి కూర్చోగానే టైలరమ్మ అంది, “ఇవాళ చదవొద్దులే అమ్మాయ్. ఇలా రా. కటింగు నేర్పిస్తాను. నేను పక్కన కూర్చుని చెబుతుంటాను, నువ్వు కోసెయ్. నీకు చురుకెక్కువ, రెండు రోజుల్లో వచ్చేస్తుంది.”

ఆడపడుచు పత్రికని మడిచి ఒళ్లో పెట్టుకుంది. జుట్టులో తెల్లవెంట్రుకలు అప్పటికే కనిపిస్తున్నాయి.

“వద్దు వదినా.”

“అదేమిటే? నీకిష్టమేగా.”

“ఇష్టమే. నీకు చేయి బాగున్నన్నాళ్లూ నాకు ఇష్టం. ఇప్పుడు నీకు అవసరం. గుండీలు ఎన్నంటే అన్ని కుడతాను. కత్తెర మాత్రం నన్ను పట్టుకోమనకు,” అంది.

టైలరమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. “ఆ లాయరు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? ఎంతకాలమైంది?”

“నువ్వు చెప్పు వదినా. ఎంతకాలమైంది?”

ఎంతకాలమైందో టైలరమ్మకి తెలుసు. ఆ మధ్యలో ఎన్ని సీరియళ్లు అయిపోయాయో, ఏది ఎలా ముగిసిందో కూడా చెప్పగలదు. చెబితే అదే లెక్క తేలుతుంది. అప్పుడు అడిగింది ఆమె, ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న, చాలా నెమ్మదిగా. “ఆ రోజు అలా ఎందుకు చేశావే?”

“మార్కెట్ వెనక ఒకే గది మిగిలింది వదినా అప్పటికి,” అంది ఆడపడుచు, లేచి వెళ్లిపోతూ.

ఆ సీజన్ యూనిఫాం ఆర్డరు చేయి జారింది. గుడ్డ తాన్లు స్కూలువాళ్లు వెనక్కి తీసుకుపోయారు. టైలరమ్మ ఎవర్నీ తిట్టలేదు. మొగుడు ఏదో అనబోతే, “నువ్వు అప్పుడే చెప్పావు. నేను వినలేదు. ఇంక ఊరుకో,” అంది.

తర్వాత కొద్ది రోజులకి ఆడపడుచు మధ్యాహ్నాలు షాపులో కనబడ్డం మానేసింది. బస్టాండు పక్కన మేడమీద ఒక కటింగ్ స్కూలుంది. అందులో చేరిందని మొగుడి ద్వారా తెలిసింది. క్లాసులో మిగతావాళ్లందరూ ఆమెకి కూతుళ్ల ఈడువాళ్లట. ఆంటీ అంటారట. గుండీల డబ్బు కూడబెట్టుకున్నది మొదటి వాయిదా కింద కట్టేసిందట. పొద్దున షాపులో గుండీలు, మధ్యాహ్నం అక్కడ. చదువుగంట అలా అయిపోయింది. ఎవరూ సమాప్తం అని చదవలేదు.

పత్రికలు మాత్రం పేపరతను మామూలుగానే తోసిపోతున్నాడు. ఇప్పుడు టైలరమ్మకి తీరికే తీరిక. చేతికి కట్టు, పని సగానికి పడిపోయింది, బెంచీ ఖాళీ. ఇన్నాళ్లూ ఏ టైము కోసం అల్లాడిందో ఆ టైము మధ్యాహ్నమంతా ఆమె ముందు పరిచి ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని పత్రిక విప్పేది. నాలుగు వాక్యాలు చదివేసరికి చెవులు దేనికోసమో ఎదురుచూసేవి. కళ్లతో చదవడం ఆమెకి ఏనాడో తప్పిపోయింది. ఆ అక్షరాలన్నీ ఒకే గొంతులో వినబడేవి, ఆ గొంతుకి విసుగు ఉందో అలసట ఉందో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెవిపెట్టి వినలేదు. పత్రిక మూసి ఇస్త్రీ బల్ల మీద పెట్టేసేది. ఒకరోజు పేపరతన్ని పిలిచి అన్నీ ఆపేయమంది.

“ఒక్కటైనా ఉంచండమ్మా,” అన్నాడతను.

“ఒక్కటీ వద్దు.”

ఆ సాయంత్రం ఆడపడుచు క్లాసునుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే టైలరమ్మ గుమ్మంలోనే అడిగింది. “మిగతా ఫీజు నేను కడతాను. కట్టనిస్తావా?”

ఆడపడుచు వద్దంటుందనుకుంది. వద్దంటే బతిమాలడానికి, కళ్లనీళ్లు పెట్టుకోవడానికి కూడా సిద్ధపడి ఉంది. అలాంటి ఘట్టాలు కథల్లో ఆమె చాలా విన్నది.

“కట్టు,” అంది ఆడపడుచు. “అప్పుగా కాదు వదినా. సాయంగా కూడా కాదు. ఇన్ని మధ్యాహ్నాలు చదివాను. అది నాకు రావలసిందే.”

చేతిసంచీ లోపల పెట్టి, గ్లాసులో నీళ్లు తాగి, పేపరు మీద ఆ రోజు గీసుకొచ్చిన చంటిపిల్ల గౌను బల్ల మీద పరుచుకుని కూర్చుంది. మెడ దగ్గర వంపు సరిగ్గా రాలేదు. ఎదురుగా నిలబడ్డ టైలరమ్మకి అది కనబడుతూనే ఉంది. ఎక్కడ ఎంత తగ్గించాలో నోటి చివరే ఉంది. ఆడపడుచు అడగలేదు కాబట్టి చెప్పలేదు.

మర్నాడు టైలరమ్మ బస్టాండు పక్క మేడ ఎక్కి రెండో వాయిదా కట్టొచ్చింది. ఆ తర్వాత నెల మూడోది. ఇంకా రెండు వాయిదాలు కట్టాలి.